పిల్లలు ‘కాళ్లు లాగుతున్నాయి’ అంటే ఒక్కసారి ఆగి వినండి



పోయిన నవంబరులో ఏడో తరగతి పిల్లలకు ‘మై ఈవెనింగ్ ఎట్ హోమ్’ అనే టాపిక్ మీద ఒక పేరాగ్రాఫ్ రాయమన్నాను. ఒక అబ్బాయి ‘ఎట్ నైట్ మై లెగ్స్ ఆర్ పుల్లింగ్. సో ఐ వాక్ ఇన్ ద హాల్’ అని రాశాడు. నేను ‘పుల్లింగ్’ కింద ఎర్ర గీత గీసి, పైన ‘ఏకింగ్’ అని దిద్దాను. పక్కన ‘తెలుగులో అనుకుని ఇంగ్లిష్‌లో రాయొద్దు’ అని కూడా రాసి, పదికి ఆరు వేశాను.

ఆ రాత్రి పన్నెండు దాటాక మా ఇంట్లో హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి నడుస్తున్నాను. నాకది కొత్తేమీ కాదు. వారానికి రెండు మూడు రాత్రులు అలా నడవక తప్పదు. నడుస్తూ ఉండగా ఆ అబ్బాయి రాసిన వాక్యం గుర్తొచ్చింది. నా కాళ్లు కూడా నొప్పి పుట్టవు, లాగుతాయి. తనకు జరుగుతున్నది తను ఉన్నదున్నట్టు రాస్తే, నేను తప్పని దిద్దాను.

నాకున్న ఇబ్బంది పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. డాక్టర్లు పొట్టిగా ఆర్‌ఎల్‌ఎస్ అంటారు. ఇది పెద్దవాళ్లతో పాటు పిల్లల్లోనూ ఉంటుంది. ఇంట్లో మీరు, క్లాసులో మేము దాన్ని అల్లరి అనుకుని పిల్లల్ని తిడుతున్నాం. అందుకే ఈ నెల ఈ పేజీ దీనికి ఇవ్వమని అడిగాను.

ఏమిటీ సమస్య?

కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో కాళ్లు కదిలించి తీరాలన్న తహతహ పుడుతుంది. చాలామందికి దాంతోపాటు పిక్కల లోపల ఏదోలా ఉంటుంది. ఒకరు చీమలు పాకినట్టు అంటారు, ఒకరు నరం పట్టి గుంజినట్టు అంటారు, ఇంకొకరు జివ్వుజివ్వుమంటోంది అంటారు. అది చర్మం మీద ఉండేది కాదు, కాబట్టి గోకితే పోదు. లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది. మళ్లీ పడుకోగానే వస్తుంది.

దీనికి స్కానింగులేవీ అక్కర్లేదు. డాక్టర్లు ముఖ్యంగా నాలుగు విషయాలు అడుగుతారు.

1. కాళ్లు కదిలించాలన్న తహతహ ఉందా?
2. ఊరికే కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు మొదలవుతోందా, ఎక్కువవుతోందా?
3. నడిస్తే, కాళ్లు చాపి కదిలిస్తే, ఆ కదిలించినంతసేపైనా తగ్గుతోందా?
4. పగటికంటే సాయంత్రం, రాత్రి ఎక్కువగా ఉంటోందా?

నాలుగింటికీ అవునంటే, పిక్క పట్టేయడం, తిమ్మిరెక్కడం, కీళ్ల నొప్పి లాంటి వేరే కారణం ఉందేమో చూసుకుని, అప్పుడు ఆర్‌ఎల్‌ఎస్ అంటారు.

ఇది ఈ కాలపు రోగం కాదు. 1672లోనే ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ రాత్రుళ్లు కాళ్లు నిలవనీయక నిద్రకు దూరమైన రోగుల గురించి రాశాడు. 1945లో స్వీడన్‌కు చెందిన నరాల వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ దీన్ని వివరంగా పరిశీలించి, ఇప్పుడు మనం వాడుతున్న పేరు పెట్టాడు. పిల్లల విషయానికొస్తే, అమెరికా, బ్రిటన్‌లలో 8 నుంచి 17 ఏళ్ల పిల్లలున్న కుటుంబాలను అడిగి చేసిన ఒక పెద్ద అధ్యయనం 2007లో వచ్చింది. అందులో దాదాపు 2 శాతం పిల్లల్లో ఈ లక్షణాలు కనిపించాయి. అదే లెక్క మన సెక్షన్లకు సరిపోతుందని నేను అనను. కానీ ఏ స్కూల్లోనూ అలాంటి పిల్లలు ఒక్కరూ ఉండరని మాత్రం ఇక అనుకోలేను.

పదేళ్లు నన్ను నేనే తిట్టుకున్నాను

నాకు తొమ్మిదో తరగతి నుంచి గుర్తు. పడుకునే వేళ కాళ్లు లాగుతున్నాయని ఏడిస్తే అమ్మమ్మ పాత చీర చింపి పిక్కలకు గట్టిగా కట్టేది. కట్టు ఉన్నంతసేపూ కాస్త హాయిగా ఉండేది. ‘ఎదిగే పిల్ల, ఎముకలు సాగుతున్నాయిలే’ అని సరిపెట్టుకున్నారు.

ఇంటర్‌లో హాస్టల్‌లో వేశారు. సాయంత్రం ఆరున్నర నుంచి పది దాకా స్టడీ అవర్. ఏడున్నర అయ్యేసరికి నా కాళ్లు మొదలుపెట్టేవి. మంచినీళ్లకని ఒకసారి, బాత్‌రూమ్‌కని రెండుసార్లు, డౌటు అడగాలని ఇంకోసారి లేచేదాన్ని. ‘నీకు చదువు మీద ధ్యాస లేదమ్మా’ అన్నారు వార్డెన్. నేనూ అదే నమ్మాను. మిగతావాళ్లు కదలకుండా కూర్చుని చదువుతుంటే నేను ఎందుకు కూర్చోలేకపోతున్నానో తెలియక, నాకే క్రమశిక్షణ లేదనుకున్నాను. డిగ్రీలో, బీఈడీలో అదే మాట. రాత్రి బస్సెక్కి ఊరెళ్లాలంటే భయం. ఫ్రెండ్స్ సెకండ్ షో సినిమాకి పిలిస్తే తలనొప్పని తప్పించుకునేదాన్ని.

టీచర్‌గా చేరాక పగలంతా నిలబడే ఉంటాను కాబట్టి పగలు బాగానే గడిచేది. రాత్రి మాత్రం రెండింటికి గానీ నిద్ర పట్టేది కాదు. పొద్దున్న ఫస్ట్ పీరియడ్‌లో చిన్న చిన్న విషయాలకు పిల్లల మీద అరిచేదాన్ని. రెండేళ్ల కిందట నిద్రమాత్ర రాయించుకుందామని ఒక డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన మాత్ర రాయలేదు. పైన చెప్పిన నాలుగు ప్రశ్నలే అడిగి, రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 12.2 ఉంది, బాగానే ఉందనుకున్నాను. ఫెర్రిటిన్ అని ఇంకోటి ఉంది, అది 11. ఆయన చెప్పింది నాకు వెంటనే అర్థమైంది: హిమోగ్లోబిన్ అంటే చేతి ఖర్చుకు పర్సులో ఉన్న డబ్బు, ఫెర్రిటిన్ అంటే బ్యాంకులో దాచిన డబ్బు. నా పర్సులో డబ్బు ఉంది గానీ బ్యాంకు ఖాళీ.

ఒంట్లో ఇనుము నిల్వలు ఎంత ఉన్నాయో చెప్పేదే ఫెర్రిటిన్. మెదడులో డోపమైన్ అనే రసాయనం తయారు కావడానికి ఇనుము కావాలి. కదలికలను అదుపులో ఉంచడంలో డోపమైన్‌ది పెద్ద పాత్ర. ఆర్‌ఎల్‌ఎస్ ఉన్నవాళ్ల మెదడులో ఇనుము తక్కువగా ఉండటాన్ని పరిశోధకులు గుర్తించారు. అందుకే ఈ సమస్యలో ముందు చూడాల్సింది ఇనుము నిల్వలు. ఇక్కడే ఒక చిక్కుంది. ల్యాబ్ రిపోర్టులో ఫెర్రిటిన్ 20 అనో 30 అనో ఉంటే పక్కన ‘నార్మల్’ అనే ఉంటుంది. కానీ ఆర్‌ఎల్‌ఎస్ నిపుణులు 2018లో ప్రకటించిన సూచనల ప్రకారం ఈ లక్షణాలున్న పెద్దవాళ్లలో అది 75 లేదా అంతకంటే తక్కువ ఉన్నా, పిల్లల్లో 50 కంటే తక్కువ ఉన్నా ఇనుము ఇవ్వడం గురించి ఆలోచించాలి. కాబట్టి రిపోర్టు చూసి మనమే తేల్చేసుకోకుండా, కాళ్ల సంగతి చెప్పి డాక్టర్‌కు చూపించాలి.

నాకు రోజు విడిచి రోజు ఇనుము మాత్ర రాశారు. స్టాఫ్‌రూమ్‌లో నాలుగుసార్లు తాగే టీని ఒకటికి తగ్గించాను, అదీ మాత్రకు దూరంగా. మూడు నెలలకు తేడా తెలిసింది. పూర్తిగా పోలేదు. రోజూ వచ్చేది వారానికి రెండు మూడు రాత్రులైంది. అంత తగ్గినా నాకు చాలా పెద్ద మార్పే.

ఇది చాలా కుటుంబాల్లో ఒక తరం నుంచి ఇంకో తరానికి వస్తుంది. నా రిపోర్టు వచ్చాక అమ్మకు ఫోన్ చేశాను. చిన్నప్పుడు అమ్మ రాత్రుళ్లు వాకిట్లో తిరుగుతుంటే, ఆలోచనలు ఎక్కువై నిద్ర పట్టట్లేదని నాన్నగారు అనేవారు. ‘అమ్మా, నీకూ కాళ్లు లాగేవా?’ అని అడిగాను. ‘నువ్వు కడుపులో ఉన్నప్పట్నుంచీ’ అంది. గర్భిణుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. చాలామందికి కాన్పయ్యాక తగ్గుతుంది, అమ్మకు తగ్గలేదు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేమని అడిగితే, ‘కాళ్లు లాగుతున్నాయని డాక్టరు దగ్గరికి వెళ్తారా ఎవరైనా?’ అంది.

ఆ అబ్బాయి ఏం చెప్పాడు?

వాళ్లమ్మగారి అనుమతితోనే ఇది రాస్తున్నాను. మర్నాడు ఇంటర్వెల్‌లో ఆ అబ్బాయిని పిలిచి, ‘రాత్రి కాళ్లలో ఏమవుతుంది నాన్నా? తెలుగులోనే చెప్పు’ అన్నాను. కాసేపు ఆలోచించాడు. ‘లోపల చీమలు పరిగెడుతున్నట్టు ఉంటుంది మేడమ్. కాళ్లు ఆపితే ఇంకా ఎక్కువవుతుంది’ అన్నాడు. ఎప్పుడెప్పుడు అంటే, సాయంత్రం స్టడీ అవర్‌లో, మళ్లీ పడుకున్నాక అన్నాడు.

ఆ అబ్బాయి డైరీలో ‘కుదురుగా కూర్చోడు’ అన్న రిమార్కు మూడుసార్లు ఉంది. ఒకటి నా చేతిరాతే. ఊరికే కాళ్లు ఆడిస్తున్నాడని అంతకుముందు రెండుసార్లు స్టడీ అవర్‌లో నిలబెట్టాను కూడా. ‘మరి నేను నిలబెట్టినప్పుడు?’ అని అడిగాను. ‘అప్పుడు బాగుంటుంది మేడమ్’ అన్నాడు. ఏమనాలో నాకు తోచలేదు.

వాళ్లమ్మగారికి ఫోన్ చేస్తే ఇంట్లో సంగతి తెలిసింది. భోజనం దగ్గర కాళ్లు ఊపితే ఇంట్లో లక్ష్మి నిలవదని నానమ్మగారు రోజూ కోప్పడతారట. ఫోన్ చూసీ చూసీ నిద్ర చెడిందని వాళ్లమ్మగారు ఫోన్ తీసి దాచేశారట. ఆవిడ పిల్లల డాక్టర్‌కు చూపించారు. ఫెర్రిటిన్ 14. మందు మొదలుపెట్టిన రెండో నెలలో ఆవిడే ఫోన్ చేసి, ‘పదింటికి పడుకుంటే పొద్దున్నే లేస్తున్నాడు మేడమ్’ అని చెప్పారు.

నేను డాక్టర్‌ని కాను, ఇంగ్లిష్ టీచర్‌ని. ఎవరికి ఏ జబ్బుందో చెప్పడం నా పని కాదు. కానీ పిల్లలు చెప్పింది వినడం నా పనే. నేను ఆ అబ్బాయిని మొదట ఇంగ్లిష్‌లో అడిగి ఉంటే ‘లెగ్ పెయిన్ మేడమ్’ అని ఊరుకునేవాడు. లెగ్ పెయిన్ అంటే మనం ఆటల్లో అలిసిపోయాడనో, పెరిగే వయసనో అనుకుని బామ్ రాసి పడుకోబెడతాం. లాగడం, పీకడం, గుంజడం, జివ్వుమనడం, చీమలు పాకడం... ఒంట్లో జరిగేది చెప్పడానికి మన ఇళ్లల్లో ఇన్ని మాటలున్నాయి. స్కూల్లో ఇంగ్లిష్ మాట్లాడమని పిల్లల్ని రోజూ పోరేది నేనే. ఒంటి సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఇంట్లో మాట్లాడే మాటల్లోనే చెప్పనివ్వాలని ఇప్పుడు నా అభిప్రాయం.

‘మా పిల్లలకు రక్తం తక్కువా?’

ఈ మాట నేను పేరెంట్స్ నోట విన్నాను. మంచి తిండి పెట్టే ఇళ్లల్లో రక్తహీనత ఎందుకుంటుందని అడుగుతారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా అంటే అది పేదిళ్లకే పరిమితమైన సంగతి కాదు. పైగా రక్తహీనత దాకా రాకముందే ఇనుము నిల్వలు తగ్గిపోతాయి. నా రిపోర్టే దానికి ఉదాహరణ. ప్రభుత్వ స్కూళ్లలో పదేళ్లు దాటిన పిల్లలకు వారానికో ఇనుము మాత్ర ఇచ్చే కార్యక్రమం ఉంది. మన పిల్లలకు ఇంట్లో మనమే చూసుకోవాలి. నెలసరి మొదలైన ఆడపిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి.

అలాగని ఈ వ్యాసం చదివి మెడికల్ షాపుకెళ్లి ఇనుము టానిక్ కొనకండి. పరీక్ష లేకుండా ఇనుము వాడటం మంచిది కాదు. మోతాదు పిల్లల బరువును బట్టి డాక్టరే చెప్పాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ మాత్రలు చేతికందకుండా పెట్టాలి, ఎక్కువ మింగితే ప్రాణాపాయం. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెర్రిటిన్ పైకి పెరిగి కనిపిస్తుంది కాబట్టి ఒళ్లు బాగున్నప్పుడు పరీక్ష చేయించాలి. మందు రాస్తే పాలతోనో టీతోనో వేయకండి, ఇనుము సరిగ్గా ఒంటికి పట్టదు. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, భోజనమైన వెంటనే టీ తాగకపోవడం లాంటి చిన్న అలవాట్లు ఇనుము ఒంటికి పట్టేందుకు సాయపడతాయి.

మత్తునిచ్చే జలుబు సిరప్‌లు కొందరిలో ఈ సమస్యను పెంచుతాయి. సిరప్ వేసిన రాత్రి పిల్లాడు మరింత పొర్లుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. పెద్దవాళ్లు ఎవరైనా దీనికి మందులు వాడుతుంటే వాళ్లకూ ఒక మాట. డోపమైన్‌లా పనిచేసే కొన్ని మందులు మొదట్లో బాగా పనిచేసి, ఏళ్లు గడిచేకొద్దీ సమస్యను ఇంకా ముదరబెట్టగలవు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025లో ఇచ్చిన సూచనలు వాటిని మామూలుగా అందరికీ వాడొద్దంటున్నాయి. మీ అంతట మీరు మానేయకుండా డాక్టర్‌ను అడగండి.

మరి క్రమశిక్షణ?

స్టాఫ్ మీటింగ్‌లో ఈ విషయం చెప్పినప్పుడు ఒక సీనియర్ సార్ అడిగారు: ‘రేపట్నుంచి ప్రతివాడూ కాళ్లు లాగుతున్నాయంటే స్టడీ అవర్ ఎలా నడపాలమ్మా?’ న్యాయమైన ప్రశ్నే. కాళ్లు ఊపే ప్రతి పిల్లాడికీ ఆర్‌ఎల్‌ఎస్ ఉండదు. చాలామందికి అది ఊరికే అలవాటు. లెక్క తెగనప్పుడో, బోరు కొట్టినప్పుడో ఊపుతారు, ఆపమంటే ఆపేస్తారు, ఏ బాధా ఉండదు. ఆర్‌ఎల్‌ఎస్ ఉన్న పిల్లలు ఆపితే బాధపడతారు. ఒక వారం గమనిస్తే ఆ తేడా తెలుస్తుంది.

మా ప్రిన్సిపాల్ గారు జనవరి నుంచి ఒక సెక్షన్‌లో ప్రయత్నించి చూడమన్నారు. స్టడీ అవర్‌లో వెనక గోడ దగ్గర ఎవరైనా, అడగక్కర్లేకుండా, నిలబడి చదువుకోవచ్చు. మాట్లాడకూడదు, పక్కవాళ్లను కదిలించకూడదు, అంతే నియమం. మొదటి వారం పన్నెండు మంది నిలబడ్డారు. మూడో వారానికి ఇద్దరే మిగిలారు. సరదాకి నిలబడినవాళ్లు కాళ్లు నొప్పి పుట్టి వాళ్లే కూర్చున్నారు. ఆ ఇద్దరూ నిలబడి చదువుతుంటే నాకు చదువేమీ పాడైనట్టు కనిపించలేదు. మిగతా సెక్షన్లలో, మిగతా బ్రాంచీల్లో కూడా ఇది మొదలుపెట్టాలని నా విన్నపం. దీనికి రూపాయి ఖర్చు లేదు.

కదలకుండా కూర్చున్న పిల్లాడే చదువుతున్నట్టు అని మేమూ అనుకుంటున్నాం, మీరూ అనుకుంటున్నారు. ఇంట్లో స్టడీ టేబుల్ కొనిచ్చి రెండు గంటలు లేవకూడదంటాం. కాళ్లు లాగే పిల్లలకు ఆ రెండు గంటలూ కాళ్లను పట్టుకుని ఉండటంతోనే సరిపోతుంది. ఇక పాఠం మీద మనసెక్కడ నిలుస్తుంది? రాత్రి నిద్ర చాలక, పగలు చిరాకు, మతిమరుపు, ధ్యాస లేకపోవడం. అవన్నీ చూసి మనం ఇంకో గంట ట్యూషన్ పెడతాం. అది కూడా సాయంత్రమే, అది కూడా కూర్చునే.

ఈ వారం ఇంట్లో ఒక్క పని చేయండి. మీ అబ్బాయో అమ్మాయో పడుకున్నాక పదే పదే లేస్తుంటే, మంచం మీద కాళ్లు కొట్టుకుంటుంటే, కాళ్లు నొక్కమని అడుగుతుంటే, తిట్టకుండా పక్కన కూర్చుని ‘లోపల ఎలా ఉంది?’ అని అడగండి. వాళ్లు వాడిన మాటే ఒక కాగితం మీద రాసుకోండి. పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు అడిగి చూడండి. సమాధానాలు అవునని వస్తే ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఈలోగా నిద్రవేళ రోజూ ఒకేలా ఉండనివ్వండి. పడుకునే ముందు పిక్కలు సాగదీయడం, గోరువెచ్చని నీళ్లు పోసుకోవడం, కాళ్లు నొక్కించుకోవడం నాకు పనికొచ్చాయి. అదే పని చేస్తూ మా అమ్మలా ఏళ్లకేళ్లు వాకిట్లో తిరుగుతున్న తల్లులెవరైనా ఉంటే, మీ సంగతి కూడా అదే డాక్టర్‌కు చెప్పండి.

ఆ అబ్బాయి నోట్‌బుక్ మళ్లీ అడిగి తీసుకున్నాను. నా ఎర్ర గీత కొట్టేసి, ‘పుల్లింగ్’ని అలాగే ఉంచి, ఆరును ఎనిమిది చేశాను. మిగతా రెండు స్పెల్లింగులకు పోయాయి.

వచ్చే పీటీఎంలో మీ పిల్లల కాళ్ల గురించి కూడా నాతో చెప్పండి. కూర్చోవడం కష్టమైతే నిలబడే మాట్లాడుకుందాం. నాకూ అదే హాయి.